కంప్యూటరు క్రీడల తెరపట్టులు : చరిత్ర, ప్రామాణ్యము

కొన్ని యేండ్ల క్రిందట లాలాగూడలో గది తీసికొని యుండిన ఒక పరిశోధక విద్యార్థి, తన సిద్ధాంతవ్యాసమునకు చేర్పదలచిన చిత్రమొకటి నాకు చూపవచ్చెను. అది ‘యూరోపా యూనివర్సాలిస్’ నాలుగవ భాగమను కంప్యూటరు క్రీడలోని దక్షిణాపథ పటము. స్వీడను దేశమున స్టాక్‌హోము నగరమందున్న పారడాక్సు సంస్థవారు దానిని 2013 ఆగస్టులో వెలువరించిరి. ఆ క్రీడలో కథ ఆరంభమగునది 1444 నవంబరు 11వ తేదీన. అనగా శ్రీనాథునకు కనకాభిషేకము చేయించెనని ప్రసిద్ధిగల ప్రౌఢదేవరాయలు విజయనగరమును పాలించుచుండిన దినములు. నేటి యువకులు తెలుగుదేశ చరిత్రను ఎట్టి పటములపై చూచుచున్నారో విచారింపవలెనని అతని సంకల్పము. సంకల్పము మంచిదే. కాని చిత్రమును చూచినంతనే రెండు సందేహములు పొడమినవి. ఊళ్ల పేర్లు చెదరిపోయి చదువరాకుండెను. ఆ చిత్రమును ఏనాడు తీసినది, క్రీడయొక్క ఏ సంచికనుండి తీసినది ఎందును వ్రాసియుండలేదు.

మరల తీసి తెమ్మంటిని. మూడవనాడు అతడు వట్టిచేతులతో వచ్చి, “సార్, ఆ పటం ఇప్పుడు ఆటలో లేదు” అనెను. జరిగినది యిది. అతడు ఆ చిత్రమును పట్టినది 2018 వేసవిలో. ఆ సంవత్సరము సెప్టెంబరులో పారడాక్సువారు ‘ధర్మ’ యను అనుబంధమును వెలువరించుచు, దానితోపాటు భారతదేశ పటమును విభాగములు పెంచి తిరిగి గీచిరి. ఇంటర్నెట్టుతో సంబంధముగల యంత్రములలో పాత క్రీడ తనంత తాను కొత్తదిగా మారిపోయినది. అతని వ్యాసమున రెండు పుటలు పాత సరిహద్దులను ఆధారము చేసికొని వ్రాసినవి. పరీక్షకులలో ఎవరైన క్రీడను తెఱచి చూచినచో, ఆ రెండు పుటలును కల్పితములని తలంచుటకు పూర్తి అవకాశము కలదు. చేతనున్న ఏకైక సాక్ష్యము చదువరాని ఆ చిత్రము.

తెరపై కనబడు బొమ్మను పట్టి దాచుట వినోదమునకు చెందిన చిన్న పనియని మనలో చాలమంది యభిప్రాయము. పై యుదంతము ఆ యభిప్రాయమును పునర్విమర్శ చేయుమని కోరుచున్నది. ఇట్టి చిత్రమును ప్రతిలిపిగా గణింపవలెనని, తాళపత్రమునకును శాసనపు అచ్చునకును మనము విధించు నియమములే దీనికిని విధింపవలెనని నిరూపించుట ఈ వ్యాసము ఉద్దేశము. అందులకు ముందు ఈ పద్ధతి పుట్టి పెరిగిన క్రమమును తెలిసికొనుట యవసరము.

నామము, లక్షణము

ఇంగ్లీషున ‘స్క్రీన్‌షాట్’ అని వ్యవహరింపబడు దానిని ఇటీవలి తెలుగున ‘తెరపట్టు’ అనుచున్నారు. మాట చక్కగనే కుదిరినది. కంప్యూటరు తెరపై మనకు కనబడు బొమ్మ, యంత్రపు జ్ఞాపకశాలయందు మొదట అంకెల వరుసగా నుండును. తెరపైనున్న ప్రతి చుక్కకును ఎఱుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలము ఎంత యని మూడేసి సంఖ్యలు. ఈ చుక్కకే పిక్సెలని పేరు. తెర సెకనుకు అఱువది పర్యాయములో అంతకు మించియో ఈ సంఖ్యలను చదివి బొమ్మను కొత్తగా చూపుచుండును. ఆ వరుసను ఒకానొక క్షణమున ఉన్నదున్నట్లు నకలు తీసి దాచినచో అది తెరపట్టు. తెర యెదుట కెమెరా నిలిపి తీసినది తెరయొక్క ఛాయాచిత్రము మాత్రమే. ఈ రెంటి భేదము శాసనపరిశోధకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. రాతిని దూరమునుండి ఛాయాచిత్రము తీయుట యొకటి. తడికాగితమును రాతికి అద్ది, కుంచెతో తట్టి, సిరా పూసి అక్షరములను కాగితముపైకి ఎక్కించుకొనుట మఱియొకటి. తెరపట్టు ఈ రెండవ జాతికి చెందినది. మూలమునకును నకలునకును నడుమ కటకముగాని వెలుతురుగాని లేదు.

తొలిదశ : ఛాయాచిత్రములు

మొదటి తరము క్రీడలకు తెరపట్టులు లేవు. 1952లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఏ. ఎస్. డగ్లసు ఎడ్శాక్ యంత్రముపై రచించిన చుక్క–గుణకారపు గుర్తుల ఆట ముప్పదియైదు నిలువువరుసల, పదునాఱు అడ్డువరుసల చుక్కలపై నడచెను. 1958లో అమెరికాయందలి బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథం సందర్శకుల వినోదార్థము కూర్చిన టెన్నిసు క్రీడను మరుసటి సంవత్సరమే విప్పివేసిరి. 1962లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో వెలసిన ‘స్పేస్‌వార్’ ఆడువారి కంటికి కనబడి, మరుక్షణమున మాయమగుచుండెను. తెరపైనున్న దానిని నిలుపుకొనవలెనన్న కెమెరాయే శరణ్యము.

టెలివిజనునకు తగిలించి ఆడు క్రీడలు ఇండ్లలోనికి వచ్చిన పిదప ఈ ఛాయాచిత్రములకు సాక్ష్యగౌరవము లభించెను. 1979లో స్థాపితమైన యాక్టివిజన్ సంస్థ, తన క్రీడలలో నిర్ణీతమైన లెక్కను దాటినవారు తెరను ఛాయాచిత్రము తీసి పంపినచో గుడ్డపై కుట్టిన బిల్లనొకదానిని బహుమానముగా పంపెదనని ప్రకటించెను. ఆటగాడు తన మాటను నమ్మించుటకు చిత్రమును పంపుట, సంస్థ చిత్రమును చూచి నమ్ముట ఇక్కడ గమనింపదగిన విషయములు. తెరబొమ్మ ప్రమాణముగా చెల్లిన తొలి సందర్భములలో నిదియొకటి. ఆ చిత్రములు తీయుటయు నేర్పుతో కూడిన పనియే. నాటి టెలివిజను తెరపై బొమ్మ ఒక్కమాఱుగా వెలుగదు. గీతవెంట గీతగా, దేశభేదమునుబట్టి సెకనులో ఇరువదియైదవ వంతునకో ముప్పదవ వంతునకో ఒక పూర్తిబొమ్మ ఏర్పడును. కెమెరా కన్ను అంతకన్న వడిగా మూసికొన్నచో బొమ్మలో సగము చీకటియగును. కావున గదిని చీకటి చేసి, మెఱుపుదీపమును ఆపి, కెమెరాను ముక్కాలిపీటపై కదలక నిలిపి, సెకనులో ఎనిమిదవ వంతో అంతకన్న ఎక్కువయో తెఱచి యుంచవలసియుండెను. అంతసేపు తెరపై ఆట కదలరాదు.

ద్వితీయదశ : కాగితము, దస్త్రము

1981 ఆగస్టులో ఐ.బి.యం. వారి పర్సనల్ కంప్యూటరు వెలువడెను. దాని మీటలలో ‘ప్రింట్ స్క్రీన్’ అని యొకటి కలదు. నేటికిని మన కంప్యూటర్లపై అది నిలిచియున్నది గాని, పేరులోని ‘ప్రింట్’ అను మాటకు అర్థమేమని అడుగువారు తక్కువ. నాడది పేరునకు తగిన పనియే చేసెను. తెరపైనున్న అక్షరములను నేరుగా ముద్రణయంత్రమునకు పంపెడిది. బొమ్మలను ముద్రింపవలెనన్న గ్రాఫిక్సు అను వేఱొక ఆదేశమును ముందుగా ఇచ్చుకొనవలెను. అప్పుడు నాలుగువన్నెల తెర నలుపుతెలుపుల చుక్కలుగా కాగితముపై దిగుచుండెను. రంగు పోయినను రూపము నిలిచెను.

కాగితమునుండి దస్త్రమునకు మార్పు, అనగా ఫైలుగా దాచుట, తరువాతి మెట్టు. 1987లో వచ్చిన వీ.జీ.ఏ. పద్ధతివలన 320 అడ్డము, 200 నిలువు, అనగా 64,000 చుక్కలు, 256 వన్నెలతో తెరపై నిలిచెను. ఆ సంవత్సరమే కంప్యూసర్వు సంస్థ జిఫ్ అను చిత్రరూపమును ప్రవేశపెట్టెను. 1993 డిసెంబరులో వెలువడిన ‘డూమ్’ క్రీడయందు నిర్మాతల ఉపయోగమునకై ఏర్పఱచిన యొక యమరికను ఎన్నుకొన్నచో, ఎఫ్1 మీట నొక్కగనే తెర పి.సి.యక్సు అను రూపమున ఫైలై కూర్చుండెడిది. 1996లో అదే సంస్థ వెలువరించిన ‘క్వేక్’లో ఈ పని ఎఫ్12 మీటకు అప్పగింపబడి, ఆడువారందఱకును అందుబాటులోనికి వచ్చెను. క్రీడయే తన ప్రతిని తాను వ్రాసి యిచ్చుట ఇట్లు స్థిరపడెను.

విండోసు వ్యవస్థలో ప్రింట్ స్క్రీన్ మీట తెరను తాత్కాలికముగా జ్ఞాపకశాలలో నిలుపును. దానిని మఱియొక చిత్రలేఖనపు పనిముట్టులో అతికించి దాచుకొనవలెను. కాని క్రీడలు చిత్రఫలకమును నేరుగా వాడుకొన నారంభించిన పిదప ఈ దారిలో నల్లని బొమ్మయే దొరకుట తఱచయ్యెను. 1999లో వచ్చిన ‘ఫ్రాప్స్’ వంటి ఉపకరణములు క్రీడకును చిత్రఫలకమునకును నడుమ నిలిచి ఈ చిక్కును తీర్చినవి. 2011లో స్టీము అను క్రీడావిక్రయశాల తన క్రీడలన్నిటికిని ఎఫ్12 మీటను ఉమ్మడి చేసి, పట్టిన చిత్రమును అక్కడికక్కడే నలుగురికి చూపు సదుపాయమును గూడ కల్పించెను. 2012లో విండోసు ఎనిమిదవ సంచికయందు విండోసు మీటను ప్రింట్ స్క్రీన్‌తో కలిపి నొక్కినంతనే చిత్రము ఫైలుగా దాగు నేర్పాటు వచ్చెను.

తృతీయదశ : క్రీడలోని కెమెరా

2004లో వెలువడిన ‘గ్రాన్ టూరిస్మో’ నాలుగవ భాగము, ఆటను ఆపి, కారును వలసిన చోట నిలిపి, కటకమును వెలుతురును మార్చి చిత్రము తీసికొను ప్రత్యేకశాలను క్రీడలోపలనే కట్టి చూపెను. దీనికి ‘ఫోటో మోడ్’ అని పేరు స్థిరపడెను. 2013లో ప్లేస్టేషను నాలుగవ యంత్రపు చేతిపీటపై చిత్రములను పంచుకొనుటకే ఒక మీట వెలసెను. 2016లో ఎన్విడియా సంస్థవారి ‘ఆన్సెల్’ కంప్యూటరు క్రీడలలో కాలమును నిలిపి, దృష్టికోణమును స్వేచ్ఛగా త్రిప్పి, తెరకన్న ఎన్నో రెట్లు పెద్దవియగు చిత్రములను తీయుటకు వీలు కల్పించెను. ఇక్కడ లక్షణము మారినదని గుర్తింపవలెను. అంతవఱకు తెరపట్టు ఆటగాని కంటికి కనబడిన దానికి నకలు. ఆన్సెల్ వంటివానితో తీసినది, ఆటలో ఎవరును ఆ చోటినుండి, ఆ వెలుతురులో చూడని దృశ్యము కావచ్చును. కళాఖండముగా అది యెంత రమణీయమైనను, సాక్ష్యముగా దాని స్థానము వేఱు.

గుణము, నష్టము

మేలైన చిత్రమనగా నేమి? ముందు పరిమాణమును చూతము. 1920 అడ్డము, 1080 నిలువుగల తెరపై 20,73,600 చుక్కలుండును. చుక్కకు మూడు బైట్ల చొప్పున ముడిచిత్రము 62,20,800 బైట్లగును. 3840 అడ్డము, 2160 నిలువుగల తెరపై దీనికి సరిగ్గా నాలుగింతలు. ఇంత భారమును తగ్గించుటకు రెండు మార్గములు కలవు. 1996లో స్థిరపడిన పి.యన్.జి. రూపము ఒక్క చుక్కనైన పోగొట్టక, పునరుక్తిని మాత్రము సంక్షేపించి దాచును. 1992 నాటి జెపెగ్ రూపము చిత్రమును ఎనిమిదేసి చుక్కల చదరములుగా విభజించి, కన్ను అంతగా గుర్తింపని సూక్ష్మభేదములను వదలివేయును. పైగా వెలుగుకన్న వన్నెల విషయమున ఎక్కువ వదలును. కొండలకు, మేఘములకు ఇది చాలును. చిన్న అక్షరములకు, సన్నని గీతలకు చాలదు. నల్లని నేలపై ఎఱ్ఱని యక్షరము అంచులు చెదరి మరక వలె కనబడుట ఇందువలననే. లాలాగూడ విద్యార్థి తెచ్చిన పటమునందు ఊళ్ల పేర్లు పోయినదియు ఇందువలననే.

పంచుకొనుట యనునది ఈ నష్టమును హెచ్చించుచున్నది. అతడు చిత్రమును తన కంప్యూటరునుండి స్నేహితుని ఫోనునకు, అందుండి తన ఫోనునకు వాట్సాప్‌లో పంపి, ఫోనులో అంచులు కత్తిరించి మరల దాచెనట. మార్గమున ప్రతి మజిలీలోను చిత్రము పరిమాణమున కుదించబడి, మరల జెపెగ్‌గా వ్రాయబడెను. వ్రాయసకాఱులు ఒకరి ప్రతిని చూచి ఒకరు వ్రాయుచు పోయినప్పుడు తప్పులు పేరుకొనుటకును దీనికిని భేదము లేదు. మూలపు ప్రతినుండి ఎన్నవ తరమో తెలియని ప్రతిని మనము పరిష్కరణమునకు ఆధారముగా స్వీకరింపము గదా. అదే చిత్రమును వాట్సాప్‌లోనే ‘డాక్యుమెంటు’గా పంపియున్నచో ఒక్క చుక్కయు మారియుండదు. స్టీములో గూడ పైకి కనబడునది జెపెగ్ ప్రతి. తగ్గింపని ప్రతిని విడిగా దాచుమని అమరికలలో ముందుగా కోరుకొనవలెను. చాలమంది కోరుకొనరు.

మఱియొక సూక్ష్మము కలదు. చిత్రము నునుపుగా కనబడుటకై క్రీడను నాలుగింతల చుక్కలతో గీయించి, నాలుగు చుక్కల సగటును ఒకటిగా కుదించు పద్ధతి రసికులలో ప్రసిద్ధము. అంచుల మెట్లు పోయి గీత నిండుగా వచ్చును. ఇది తప్పు కాదు. అయినను సామాన్యుడు నాటి తెరపై చూచినది ఆ నునుపు రూపము కాదని పరిశోధకుడు మఱువరాదు. లుప్తాక్షరమును పూరించునప్పుడు మనము కుండలీకరణములు పెట్టుదుము. ఇక్కడను అట్టి సూచన యొకటి యుండవలెను.

సత్యాసత్యములు

గుణాధిక్యమే మోసమునకు సాధనమైన ఘట్టములును ఈ చరిత్రలో లేకపోలేదు. అమ్మకము కొఱకు వెలువరించు చిత్రములను, ఏ యంత్రమును చూపజాలని పరిమాణమున గీయించి, పైని చేతిపని చేసి అచ్చొత్తించు అలవాటు క్రీడాపరిశ్రమలో ప్రబలెను. ఇంగ్లీషున దీనికి పరిహాసముగా ‘బుల్‌షాట్’ అను పేరు 2005లో పుట్టెను. 2016లో ‘నో మాన్స్ స్కై’ యను క్రీడ విక్రయపుటలోని చిత్రములు, చలనచిత్రములు క్రీడలోని వాస్తవమునకు భిన్నములని కొందఱు బ్రిటనునందలి ప్రకటనాప్రమాణముల సంస్థకు ఫిర్యాదు చేసిరి. విచారించి ఆ సంస్థ అవి కొనుగోలుదారులను పెడదారి పట్టించునవి కావని అదే సంవత్సరము నవంబరులో తీర్పు చెప్పెను. ఆ నెలలోనే స్టీము తన విక్రయపుటలలో తెరపట్టులను చోట క్రీడనుండి తీసినవే యుండవలెనని నియమించెను. ఒక తీర్పు నిర్దోషియనెను. ఒక నియమము దోషమునకు అవకాశమున్నదని ఒప్పుకొనెను. రెండును కలసి తెరపట్టును సాక్ష్యముగా లోకము పరిగణించుచున్నదనుటకు నిదర్శనములు.

పటముల విషయమున అసత్యము ఇంకను సూక్ష్మముగా నుండును. 1444లో రాజమహేంద్రవరపు రెడ్లు, రేచెర్ల వెలమనాయకులు, బహమనీ సుల్తానులు, కళింగమునందు కపిలేంద్ర గజపతి, దక్షిణమున విజయనగరము — వీరి పొలిమేరలు ఒకానొక దినమున ఎక్కడెక్కడ నుండెనో శాసనములనుబట్టి చెప్పుట మిక్కిలి కష్టము. క్రీడకు ఆ సంకోచము లేదు. అది గీత గీచి వన్నె పూయును. చిత్రమెంత స్ఫుటముగా నున్నచో ఆ గీత అంత నమ్మకమును కలిగించును. కావున స్ఫుటమైన తెరపట్టు నిరూపించునది ఆ క్రీడ ఏమి చెప్పినదన్న సంగతిని మాత్రమే. 1444లో ఏమి జరిగెనన్నది వేఱు ప్రశ్న.

భాగ్యనగరపు పాఠములు

ఈ నగరమునకు కంప్యూటరు కొత్త కాదు. 1967లో స్థాపితమై మన ప్రాంతమునకు సమీపముననే యున్న ఇ.సి.ఐ.యల్. సంస్థ 1969లోనే టి.డి.సి.–12 అను కంప్యూటరును నిర్మించెను. కాని మన విద్యార్థులకు క్రీడలు అలవడినది 2000 తరువాత, తార్నాక, హబ్సిగూడ వీధులలో వెలసిన ఇంటర్నెట్ కేంద్రములలో. గంటకింతయని చెల్లించి ‘కౌంటర్ స్ట్రైక్’ ఆడు యువకులను నేను స్వయముగా చూచితిని. ఒక కేంద్రమునందు, యంత్రమును ఆపి తెఱచినప్పుడెల్ల అంతకుముందు దాచినదంతయు తుడిచిపెట్టుకొనిపోవు నేర్పాటుండెను. రాత్రి గెలిచి, ఆ గెలుపును ప్రింట్ స్క్రీన్‌తో పట్టి దాచుకొన్న యువకుడొకడు ఉదయమున వచ్చి ఖాళీ తెరను చూచి నిలిచిన తీరు నాకింకను కన్నుల కట్టినట్లున్నది. యజమానికి అది యంత్రరక్షణ. బాలునకు అది చరిత్రనాశనము.

మనవారు కట్టిన క్రీడల గతియు నిశ్చింతగా లేదు. హైదరాబాదునందలి అరోనా టెక్నాలజీసు సంస్థ నిర్మించిన ‘హనుమాన్ : బాయ్ వారియర్’ 2009లో ప్లేస్టేషను రెండవ యంత్రముపై వెలువడెను. ఆ యంత్రపు తయారీ 2013 నాటికి నిలిచిపోయినది. డిస్కును యంత్రమును రెండును గలవారు నానాటికి తగ్గుదురు. మన నగరపు శిల్పులు ఆంజనేయుని ఏ రూపమున దిద్దిరో రేపటివారికి తెలుపునవి ప్రధానముగా దాని తెరపట్టులే. ఇది ఇక్కడికి పరిమితమైన దురవస్థ కాదు. 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వారి పరిశీలనము, 2010కి పూర్వము అమెరికాలో వెలువడిన క్రీడలలో నూటికి 87 నేడు విక్రయమునందు లభింపకున్నవని తేల్చెను. 2009లో మొదలై కోట్లమంది ఆడిన ‘ఫార్మ్‌విల్’ ఫ్లాష్ పరిజ్ఞానముతోపాటు 2020 డిసెంబరు 31న ముగిసెను. 2014లో వెలువడిన ‘ది క్రూ’ యను క్రీడను దాని సంస్థ 2024 మార్చి 31న తన యంత్రములను ఆపివేయగా, వెల యిచ్చి కొన్నవారు గూడ తెఱచి చూడజాలకపోయిరి. పుస్తకము అచ్చు నిలిచినను గ్రంథాలయమున ప్రతి మిగులును. ఇట్టి క్రీడకు ఆ ప్రతియు లేదు.

చిత్రమును కాపాడు ఉపాయమేది? దీనికి హైదరాబాదు రాజ్యచరిత్రయందే సమాధానము కలదు. అజంతా గుహలు నాడు నిజాము రాజ్యమున నుండెను. వాని కుడ్యచిత్రములకు మేజరు రాబర్టు గిల్ ఏండ్లతరబడి శ్రమించి తీసిన నకళ్లలో అత్యధికభాగము లండనునందలి క్రిస్టల్ పాలెస్‌లో 1866లో జరిగిన యగ్నిప్రమాదమున దగ్ధమయ్యెను. పిమ్మట బొంబాయి చిత్రకళాశాలకు చెందిన జాన్ గ్రిఫిత్సు తన శిష్యులతో తీయించిన నకళ్లలో అనేకములు 1885లో సౌత్ కెన్సింగ్‌టన్‌లో మరల అగ్నికి ఆహుతియైనవి. రెండు తరముల శ్రమ ఒక్కొక్క కట్టడమున రాశిపోసి యుంచుటవలన పోయినది. 1914లో ఏర్పడిన హైదరాబాదు పురావస్తుశాఖకు అధ్యక్షుడైన గులాం యజ్దాని, ఛాయాగ్రహణము ఆధారముగా వర్ణచిత్రములు తీయించి, 1930 మొదలు 1955 వఱకు నాలుగు భాగములుగా అచ్చొత్తించి లోకమున వెదచల్లెను. ఆ చిత్రములు నేటికిని అనేక గ్రంథాలయములలో నున్నవి. అచ్చైనది పదిచోట్ల నుండుటయే దాని బలము. 1935లో లక్ష్మణరాయ పరిశోధకమండలివారు ‘తెలంగాణా శాసనములు’ ప్రకటించుటలోని వివేకమును ఇట్టిదే. దాచుటయు పంచుటయు వేర్వేఱు పనులు కావు. చక్కగా పంచినదే చిరకాలము దాగినది.

విధివిధానములు

పై చర్చనుబట్టి పరిశోధకవిద్యార్థులకు కొన్ని నియమములను సూచించుచున్నాను. చిత్రమును పి.యన్.జి. వంటి నష్టరహిత రూపముననే పట్టవలెను. పట్టిన ప్రతిని తాకక, కత్తిరింపులు దిద్దుబాట్లు వేఱొక ప్రతిపై చేయవలెను. క్రీడపేరు, సంచికసంఖ్య, పట్టిన తేదీ, తెర పరిమాణము, చిత్రపు అమరికలు ఒక పంక్తిగా వ్రాసి చిత్రముతోపాటు ఉంచవలెను. ఆటలోని సహజదృశ్యమా, ఫోటో మోడ్‌లో తీసినదా యని తప్పక తెలుపవలెను. సంచికసంఖ్య సాధారణముగా క్రీడ తొలితెరపై మూలను కనబడును. ఆ తొలితెరను గూడ ఒకమాఱు పట్టియుంచుట సులభమైన జాగ్రత్త. పంపునప్పుడు చిత్రముగా గాక డాక్యుమెంటుగా పంపవలెను. మూడు ప్రతులైన మూడు వేర్వేఱు చోట్ల నుండవలెను. 1957 నాటి మన ప్రతిస్వత్వశాసనపు 52వ విభాగము పరిశోధనకును విమర్శకును న్యాయోచితమైన వినియోగమును అనుమతించుచున్నది. అయినను నిర్మాతల పేరు చెప్పుట మన ధర్మము. శాఖలు తమ విద్యార్థులు సమర్పించు సిద్ధాంతవ్యాసములతోపాటు మూలచిత్రములను గూడ స్వీకరించి భద్రపఱచుట మంచిది. వ్యాసమున కుదించి అచ్చొత్తిన చిత్రము సూచనకే గాని పరీక్షకు పనికిరాదు.

ఇక మొదటి విద్యార్థి సంగతి. పారడాక్సువారు క్రీడయొక్క పాత సంచికలను పూర్తిగా తొలగింపలేదు. కోరినవారు స్టీములో వానిని ఎన్నుకొనవచ్చును. కాని ఏ సంచికయో అతడు వ్రాసికొని యుండలేదు గదా. ఒకదాని వెంట నొకటిగా పాత సంచికలను దింపి, ప్రతిదానియందును ఆరంభదినపు పటమును తెఱచి, చెదరిన తన చిత్రముతో సరిహద్దులను పోల్చి చూచుకొనుచు పోయెను. తాళపత్రప్రతులను ఎదుట పెట్టుకొని పాఠభేదములను గుర్తించు పనియే యిది. నాలుగు రాత్రులు పట్టినది. చివరకు ఒక సంచికలో గీతలన్నియు సరిపోయెను. పటమును తిరిగి పట్టి, క్రింద సంచికసంఖ్యను తేదీని వ్రాసి, కొత్త సంచికలోని పటమును గూడ దాని ప్రక్కన చేర్చెను. సంశయమునకు గుఱియగునని మేము భయపడిన ఆ రెండు పుటలు, ఐదేండ్లలో ఒక క్రీడ తెలుగుదేశపు పటమును ఎట్లు మార్చి గీచెనో నిరూపించు అధ్యాయముగా పెరిగినవి. ఆ క్రీడ నిర్మాతలు పాత సంచికలను నిలిపియుంచుట అతని అదృష్టము. ఆ యదృష్టము అందఱకును ఉండదు గనుక, మీట నొక్కిన క్షణముననే ఆ నాలుగు మాటలును వ్రాసికొనుట యుక్తము.